పార్కులో చెరువుకి వెళ్తే ఫౌంటెన్ కంటే ముందు అంచు చూడాలి

ఆదివారం సాయంత్రం హైదరాబాద్‌లో ఏ పార్కుకి వెళ్లినా నీళ్లున్న చోటే జనం ఎక్కువ ఉంటారు. లుంబినీ పార్కు గానీ, సంజీవయ్య పార్కు గానీ, దుర్గం చెరువు గట్టు గానీ, బంజారాహిల్స్ లోటస్ పాండ్ గానీ, ఎక్కడైనా వరస ఒకటే. రెయిలింగ్ పట్టుకుని ఓ ఐదు నిమిషాలు నిలబడటం, ఫౌంటెన్ వెనక పడేలా ఫొటో తీసుకోవడం, పిల్లలకి కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనివ్వడం, గాలి ఇటు తిరిగి వాసన కొడితే ముక్కు మూసుకుని ఇంకో పక్కకి జరగడం. నీళ్ల దగ్గరికి వెళ్లాలనే ఆశ సిటీలో ఉండేవాళ్లకి చాలా సహజం, దాంట్లో తప్పేం లేదు, కానీ అంత దూరం వెళ్లి కూడా చెరువుని నిజంగా చూసి వచ్చేవాళ్లు చాలా తక్కువ.

చెరువు ఎలా ఉందో తెలియాలంటే మధ్యలో నీళ్లని ఎంతసేపు చూసినా లాభం లేదు. మూడు చోట్లు చూడాలి, నీళ్లు ఎక్కడ నుంచి లోపలికి వస్తున్నాయి, ఎక్కడ నుంచి బయటికి పోతున్నాయి, నీళ్లకీ నేలకీ మధ్య ఉన్న అంచు ఎలా ఉంది. ఈ మూడిట్లో అంచే ముఖ్యం, చెరువు ప్రాణమంతా అక్కడే ఉంటుంది, కానీ చెరువుని పార్కుగా మార్చే పనుల్లో మొట్టమొదట పోయేది కూడా అదే.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. పార్కుల్లో కనిపించే నీళ్లు రెండు రకాలు. పార్కు కోసమే తవ్విన కొలను ఒకటి, అప్పటికే ఉన్న పాత చెరువు పక్కన పార్కు రావడం ఇంకోటి. తవ్విన కొలనుకి అడుగు సిమెంట్ ఉంటుంది, బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో పోస్తారు, ఎండాకాలంలో ఆవిరైపోతుంటే మళ్లీ పోస్తారు, నాచు పడితే ఖాళీ చేసి కడుగుతారు. తామరలు, కలువలు, నాలుగు బాతులు వేస్తే చూడటానికి బావుంటుంది. దాని కథ అంతే, మెయింటెనెన్స్ చేసినన్నాళ్లు ఉంటుంది. పాత చెరువు అలా కాదు, దానికి పైన ఇంకో చెరువు ఉంటుంది, కింద ఇంకో చెరువు ఉంటుంది, వాన నీళ్లు పారి దాంట్లోకి చేరే ఒక పరివాహక ప్రాంతం ఉంటుంది, పార్కు గోడ దగ్గర దాని సంగతి ఆగిపోదు. మన ఊళ్లలో ఎక్కువ శాతం ఈ రెండో రకమే కాబట్టి మాట్లాడుకోవాల్సింది కూడా వీటి గురించే.

దక్కన్ నేల అంతా రాళ్లూ గుట్టలూ వాలూ. ఏడాది పొడుగునా పారే నదులు తక్కువ, వాన పడేది నాలుగు నెలలే. అందుకే కాకతీయుల కాలం నుంచీ ఇక్కడ వాలుకి అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్లు ఆపడం అలవాటు. పై చెరువు నిండితే మత్తడి, అంటే మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు, దూకి ఆ నీళ్లు కాలవలో పడి కింది చెరువుకి పోతాయి, అది నిండితే ఇంకా కిందికి, చివరికి వాగులోకో మూసీలోకో. గొలుసుకట్టు చెరువులు అంటాం కదా, అవే. హుస్సేన్ సాగర్ కూడా అలాంటిదే. మూసీకి చెందిన ఒక చిన్న ఉపనది మీద ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు, అంటే చార్మినార్ కంటే, అసలు హైదరాబాద్ సిటీ కంటే కూడా ముప్పై ఏళ్ల పాతది. మనం ట్యాంక్‌బండ్ అని పిలిచే రోడ్డు ఆ చెరువు కట్టే. దాని మీద రోజూ బండ్ల మీద పోయేవాళ్లలో చాలామందికి తాము ఒక చెరువు కట్ట మీద నుంచి పోతున్నామనే సంగతే గుర్తుండదు, ఎందుకంటే అటు పక్క కిందికి ఉన్న దోమలగూడ, కవాడిగూడ వైపు పల్లం బండి మీద నుంచి కనపడదు.

జూలై ఆగస్టుల్లో గట్టి వానలు పడ్డప్పుడల్లా పేపర్లో ఒక అంకె వస్తుంది, 513.41 మీటర్లు. అది హుస్సేన్ సాగర్ ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే ఎఫ్‌టీఎల్. నీళ్లు ఆ మట్టం దాటితే తూములు తెరిచి కిందికి వదలాలి, వదిలితే అశోక్‌నగర్, గాంధీనగర్ వైపు నాలా పక్కన ఉన్నవాళ్లకి గుండె దడ. పార్కులో షికారుకి వెళ్లినప్పుడు ఆ నీటిమట్టం చూడటం, బయటికి పోయే దారి ఎక్కడుందో చూడటం, ఆ దారి కింద ఎవరి ఇళ్లు ఉన్నాయో ఆలోచించడం కూడా చెరువు చూడటంలో భాగమే.

ఇక లోపలికి వచ్చే దారి సంగతి. హుస్సేన్ సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా కలుస్తాయి. ఒకప్పుడు ఇవన్నీ పై చెరువుల మిగులు నీళ్లు తెచ్చే వాగులు. పై చెరువులు కొన్ని కాలనీలైపోయాయి, కొన్ని చిక్కిపోయాయి, వాగులు మాత్రం మిగిలాయి, వాటిల్లో వాన నీళ్ల బదులు ఏడాది పొడుగునా డ్రైనేజీ పారుతోంది. కూకట్‌పల్లి నాలా అయితే దశాబ్దాల పాటు పారిశ్రామికవాడల రసాయనాలు కూడా మోసుకొచ్చింది. నెక్లెస్ రోడ్డు వైపు ఎంత లైటింగ్ పెట్టినా, ఎన్ని మొక్కలు నాటినా, ఆ నాలా కలిసే మూల దగ్గర నిలబడితే చెరువు అసలు పరిస్థితి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. పార్కు ప్లాన్‌లో ఆ మూలకి సాధారణంగా వాకింగ్ ట్రాక్ ఉండదు, చెట్లో గోడో అడ్డం ఉంటుంది, అక్కడికే వెళ్లి చూడాలి.

ఆ కుళ్లిన కోడిగుడ్డు వాసన ఎందుకొస్తుందో చెప్పుకుందాం. డ్రైనేజీతో వచ్చిన మలినం అడుగున బురదలా పేరుకుంటుంది. అక్కడ ఆక్సిజన్ ఉండదు, ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవులు ఆ మలినాన్ని కుళ్లబెడుతూ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వదులుతాయి. ఎండాకాలంలో నీళ్లు తగ్గి, వేడెక్కి, అడుగు బురద పైకి దగ్గరైపోతుంది కాబట్టి ఏప్రిల్ మే నెలల్లో కంపు ఎక్కువ, వానలు పడి నీళ్లు మారితే కొంత తగ్గుతుంది. ఏదో కెమికల్ చల్లితే ఓ పది రోజులు వాసన అణుగుతుంది, అంతే, బురద ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది.

రంగు కూడా చాలా చెప్తుంది. లేత ఆకుపచ్చ, కొంచెం మసక, ఇది మామూలే. పెయింట్ డబ్బా ఒలికినట్టు చిక్కటి పచ్చదనం ఒడ్డున తెట్టెలా కడితే మాత్రం అది మంచి లక్షణం కాదు. డ్రైనేజీలో నైట్రోజన్, ఫాస్ఫరస్ బాగా ఉంటాయి, పొలానికి ఎరువు వేసినట్టే చెరువుకీ ఎరువు పడుతుంది, దాంతో నాచు విపరీతంగా పెరుగుతుంది. అందులో కొన్ని రకాలు విషపదార్థాలు కూడా వదులుతాయి కాబట్టి వాకింగ్‌కి తీసుకెళ్లిన కుక్కని అలాంటి నీళ్లు తాగనివ్వకూడదు, పిల్లల్ని చేతులు పెట్టనివ్వకూడదు.

ఇక్కడే చేపలు చనిపోయే సంగతి వస్తుంది. ప్రతి ఏడాదీ ఏదో ఒక సిటీ చెరువులో పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లినవాళ్లకి ఒడ్డంతా తెల్లగా చచ్చిన చేపలు తేలి కనిపిస్తాయి, వెంటనే ఎవరో విషం కలిపారనే అనుమానం మొదలవుతుంది. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు, కానీ చాలాసార్లు కారణం వేరే, దాన్ని భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువులు చేసే రైతుని అడిగితే వెంటనే చెప్తాడు. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, సాయంత్రానికి నీళ్లలో ఆక్సిజన్ బాగా ఉంటుంది. రాత్రి ఎండ ఉండదు కాబట్టి అదే నాచు, చేపలు, అడుగు బురదలో సూక్ష్మజీవులు అందరూ కలిసి ఆక్సిజన్ వాడేసుకోవడమే తప్ప తయారీ ఉండదు. అలా తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజామున అన్నిటికన్నా కిందికి పడిపోతుంది. ముందు రోజు మబ్బు పట్టి ఎండ సరిగ్గా రాకపోతే ఇంకా ప్రమాదం. అప్పుడు చేపలు పైకి వచ్చి నీటిమట్టం దగ్గర నోళ్లు తెరిచి తెరిచి మూస్తుంటాయి, పైన ఉన్న పల్చటి పొరలోనే కాస్త ఆక్సిజన్ దొరుకుతుంది మరి. ఆక్వా రైతు ఆ నోళ్లు చూడగానే పరిగెత్తుకెళ్లి ఏరియేటర్లు ఆన్ చేస్తాడు. మబ్బు ఉన్న రాత్రయితే ముందే నిద్ర మానుకుని గట్టు మీద కూర్చుంటాడు.

పార్కు చెరువులో ఫౌంటెన్ చేసేది కూడా ఒకరకంగా ఏరియేటర్ పనే, నీళ్లని గాల్లోకి చిమ్మి ఆక్సిజన్ కలపడం. కానీ ఫౌంటెన్ ఎప్పుడు నడుస్తుంది? సాధారణంగా సాయంత్రం, జనం వచ్చే టైముకి, లైట్లతో. సరిగ్గా ఆ టైములోనే చెరువుకి ఆక్సిజన్ అవసరం తక్కువ. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా, చేపల ప్రాణం మీదికి వచ్చే టైములో, మోటార్ ఆఫ్‌లో ఉంటుంది. కరెంట్ బిల్లు అదే, మోటార్ అదే, టైమింగ్ మార్చితే చాలు ఎంతో ఉపయోగం, అయినా ఈ చిన్న విషయం గురించి అడిగేవాళ్లు కనపడరు. చూసే జనం కోసం పెట్టిన వస్తువుని చెరువు కోసం వాడుకోవచ్చు అనే ఆలోచన రాకపోవడమే మన పార్కుల్లో అసలు లోపం.

ఇప్పుడు అంచు దగ్గరికి వద్దాం.

మామూలు చెరువు పళ్ళెం లాంటిది, అంచుల దగ్గర లోతు దాదాపు ఉండదు, లోపలికి వెళ్లే కొద్దీ మెల్లగా పెరుగుతుంది. వానాకాలంలో నీళ్లు దూరం దాకా పరుచుకుంటాయి, ఎండాకాలంలో వెనక్కి పోతాయి, మధ్యలో తడి నేల మిగులుతుంది. ఊళ్లలో దాన్నే శిఖం భూమి అంటారు, నీళ్లు తగ్గాక అక్కడ పుచ్చకాయో కూరగాయలో వేసుకునేవాళ్లు. ఆ మోకాలి లోతు నీళ్లల్లోనే తుంగ, జమ్ము పెరుగుతాయి. ఆ జమ్ము దుబ్బుల్లోనే చేపలు గుడ్లు పెడతాయి, నీటికోళ్లు గూళ్లు కడతాయి, కొంగలు ఒంటికాలి మీద నిలబడి వేటాడతాయి. తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే పిట్ట, బుడుక్కున మునిగి ఇంకెక్కడో తేలే బుడుబుంగ, ఊదా రంగు ఒంటితో ఎర్ర ముక్కుతో ఉండే పెద్ద నీటికోడి, ఇవన్నీ కనపడేది ఆ అంచులోనే. లోతు నీళ్లలో తిండి దొరికేది నీటికాకులకీ కొన్ని బాతులకీ మాత్రమే. పైగా ఆ తుంగ, జమ్ము వేళ్లు నాలా నుంచి వచ్చే మలినంలో కొంత పీల్చుకుని నీళ్లని శుభ్రం కూడా చేస్తాయి, ఎవరూ జీతం ఇవ్వక్కర్లేదు.

బ్యూటిఫికేషన్ అనగానే ముందు ఈ అంచునే తీసేస్తారు. చుట్టూ రింగ్ బండ్ వేస్తారు, అంటే అన్ని వైపులా గట్టు పోసి, లోపలి వైపు నిలువుగా రాతి కట్టుబడి చేసి, పైన టైల్స్ వేసి వాకింగ్ ట్రాక్, దాని పక్కన రెయిలింగ్. పళ్ళెం కాస్తా గిన్నె అయిపోతుంది. చూడటానికి నీట్‌గా ఉంటుంది, నీళ్లు ఎప్పుడూ ఒకే గీతలో ఉంటాయి, జనం మెచ్చుకుంటారు. కానీ రాయికి జమ్ము మొలవదు, కొంగ నిలబడటానికి చోటు ఉండదు, పొరపాటున పడ్డ కుక్కపిల్లో దూడో ఎక్కి రావడానికి కూడా దారి ఉండదు. గట్టుకి బయట మిగిలిపోయిన శిఖం నేల ఇక చెరువు కాదన్నట్టు అయిపోతుంది, రెండు మూడేళ్లు ఖాళీగా ఉంటుంది, తర్వాత అక్కడ ప్లాట్లు తేలతాయి. వాన నీళ్లు లోపలికి రావాల్సిన సన్న కాలవలు కూడా ఆ గట్టుకే అడ్డుపడి ఆగిపోతాయి, ఇక చెరువుకి దిక్కు పెద్ద నాలా ఒక్కటే, అందులో వచ్చేది డ్రైనేజీ.

ఎఫ్‌టీఎల్ గొడవలన్నిటికీ మూలం కూడా ఇదే. ఎండాకాలంలో చూస్తే ఎండిపోయిన నేల, క్రికెట్ ఆడుకుంటున్న పిల్లలు, ఇదెక్కడి చెరువు అనిపిస్తుంది. కానీ మత్తడి మట్టం దాకా నీళ్లు నిండితే ఎంత దూరం పరుచుకుంటాయో అదంతా చెరువే, అదే ఎఫ్‌టీఎల్. దాని బయట ఇంకొంత ఖాళీ వదలాలి, దాన్ని బఫర్ అంటారు. తెలంగాణలో రూల్స్ ప్రకారం 10 హెక్టార్ల కంటే పెద్ద చెరువుకి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. ఈ రూల్‌ని ఎన్నో ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు, దాని ఫలితం 2020 అక్టోబర్ వరదల్లో కనపడింది, పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగిపోయాయి. నీళ్లకి తమ పాత చోటు గుర్తుండటం అంటూ ఏమీ లేదు, వాలు ఎటు ఉంటే అటు పోతాయి, వాలు మారలేదు కాబట్టి పాత చోటుకే వచ్చాయి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పాటయ్యాక ఎఫ్‌టీఎల్ అనే మాట ఇంటింటికీ తెలిసింది, దాని కూల్చివేతల మీద వాదనలు ఎలా ఉన్నా ఒక మంచి పని మాత్రం చెప్పుకోవాలి. అంబర్‌పేటలో చెత్తా మట్టీ పోసి పూడ్చేసిన బతుకమ్మ కుంటని తవ్వితే కొద్ది అడుగుల్లోనే నీళ్లు ఊరాయి, 2025లో ఆ కుంట మళ్లీ కుంటయింది, అక్కడ బతుకమ్మ ఆడారు.

బతుకమ్మ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. అంచు పోతే పిట్టలకే కాదు మనుషులకీ నష్టం. తంగేడు, గునుగు పూల బతుకమ్మని సాగనంపాలంటే ఆడవాళ్లు నీళ్లలోకి దిగగలగాలి, రాతి గోడ మీద నుంచి విసిరేస్తే అది సాగనంపడం ఎలా అవుతుంది. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండగ చూసినవాళ్లకి తెలుస్తుంది, మొహర్రం టైములో వేలకి వేల మంది నీళ్లలో నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె మార్చుకుంటారు, మతం ఏదైనా సరే. ఆ పండగ జరగాలంటే మెల్లగా దిగే ఒడ్డు కావాలి. చాకిరేవులు, గేదెలు కడిగే చోట్లు, వలలు వేసే గంగపుత్రుల, ముదిరాజుల పడవలు, ఇవన్నీ అంచుని వాడుకునేవే. పార్కు టికెట్ పెట్టి రెయిలింగ్ వేసిన రోజు నుంచీ చెరువుతో పనున్నవాళ్లు బయట, చూడటానికి వచ్చినవాళ్లు లోపల అయిపోతారు. నీళ్ల రంగు మారినా చేప రుచి మారినా మొదట తెలిసేది మత్స్యకారులకే, వాళ్లని బయట పెట్టేస్తే చెరువుకి జబ్బు చేసిన సంగతి చెప్పేవాళ్లే లేకుండా పోతారు.

గుర్రపు డెక్క గురించి కూడా చాలామంది తప్పుగానే అనుకుంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, ఊదా పువ్వుతో అందంగానే ఉంటుంది, చూస్తుండగానే చెరువంతా కమ్మేస్తుంది. కింద నీళ్లకి వెలుతురు పోదు, గాలి తగలదు, దోమలు పెరుగుతాయి. కాబట్టి తీసెయ్యాల్సిందే. కానీ అది జబ్బు కంటే ఎక్కువగా జబ్బు లక్షణం, డ్రైనేజీలో పోషకాలు వస్తున్నంతకాలం మిషన్ పెట్టి ఎన్నిసార్లు తీసినా మిగిలిన నాలుగు మొక్కల నుంచి మళ్లీ లేస్తుంది. పైగా తీసిన డెక్కని ఒడ్డునే కుప్ప పోస్తే కుళ్లి అది పీల్చుకున్న మలినమంతా తిరిగి చెరువులోకే పోతుంది. పార్కులో ఒడ్డున ఆ కుప్పలు కనిపిస్తే పని సగమే అయిందని లెక్క.

అయితే డ్రైనేజీ ఆపేస్తే సరిపోతుందా అంటే ఇక్కడ అసలు చిక్కు ఉంది. పైన చెరువులు లేవు, కాలవలు లేవు, ఉన్న ఒక్క నాలానీ పక్కకి మళ్లిస్తే చెరువుకి నీళ్లెక్కడివి? వాన ఒక్కటే, అదీ చుట్టూ కాంక్రీటే కాబట్టి ఒక గంటలో వరదలా వచ్చి పోతుంది. డ్రైనేజీ వస్తే కంపు, రాకపోతే ఎండు. దీనికి పనిచేసే దారి ఒకటే, నాలా నీళ్లని ఎస్టీపీలో, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రంలో, శుభ్రం చేసి, తర్వాత తుంగ జమ్ము ఉన్న ఒక తడి నేల మీదుగా మెల్లగా పారించి, అప్పుడు చెరువులో కలపడం. బెంగళూరు జక్కూర్ చెరువు దగ్గర ఈ పద్ధతి ఉంది, ఎస్టీపీ, దాని కింద వెట్‌ల్యాండ్, దాని కింద చెరువు. ఈ పద్ధతిలో చూడాల్సింది ఏంటంటే మళ్లీ అంచే, అంటే పోగొట్టుకున్న ఆ మోకాలి లోతు నేలనే మళ్లీ తయారు చేయాల్సి వస్తోంది. మణికొండ దగ్గర నెక్నాంపూర్ చెరువులో 2018లో నీళ్ల మీద తేలే మొక్కల తెప్పలు వేశారు, వట్టివేరు, మెట్టతామర లాంటి మొక్కల వేళ్లు కింద నీళ్లలో వేలాడుతూ మలినం పీల్చుకుంటాయి. అంచుకి చోటు మిగలని చెరువులకి అది కొంత మేలు, కానీ ఒడ్డు ఉన్న చోట ఒడ్డుని కాపాడుకోవడం చాలా చవక.

మంచి ఉదాహరణలు లేకపోలేదు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం గుర్తింపు వచ్చింది, దేశంలో సిటీ పక్కనే ఉన్న ఒక చెరువుకి అలాంటి గుర్తింపు రావడం అదే మొదటిసారి. అక్కడికి చలికాలంలో ఫ్లెమింగోలు కూడా వస్తాయి, అవి వచ్చేది లోతులేని నీళ్లున్నాయి కాబట్టే. విశాఖ ముడసర్లోవలో పార్కూ రిజర్వాయరూ పక్కపక్కనే, నీళ్ల మీద తేలే సోలార్ పలకలు కూడా ఉన్నాయి, వలస పిట్టలు వస్తాయి. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకి తెలిసిన లాల్‌బాగ్ సంగతి సరేసరి, హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట, 240 ఎకరాల్లో 300 కోట్ల ఏళ్ల నాటి రాతిగుట్ట ఒక పక్క, చెరువు ఒక పక్క, పొద్దున ఆరుకి వెళ్తే ఫ్లవర్ షో జనం లేని రోజుల్లో నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి.

హైదరాబాద్ జూ పార్కుకి వెళ్లేవాళ్లు పక్కనే ఉన్న మీర్ ఆలం ట్యాంక్ కట్టని తప్పకుండా చూడాలి. 19వ శతాబ్దం మొదట్లో కట్టింది, 21 అర్ధచంద్రాకారపు కమానులు వరసగా, నీళ్ల వైపుకి ఉబ్బి ఉంటాయి. నీళ్లు తోస్తే ఆ బలం కమాను మీదుగా పక్కనున్న స్తంభాలకి పంచుకుపోతుంది, అందుకే గోడ అంత మందం లేకపోయినా రెండు వందల ఏళ్లుగా నిలబడింది. గండిపేట, హిమాయత్ సాగర్ రాకముందు సిటీకి తాగునీళ్లు ఇచ్చిన చెరువు ఇది. ఇలాంటి ఇంజినీరింగ్ కళ్లముందు ఉంటే దాని గురించి ఒక సరైన బోర్డు పెట్టి, దూరం నుంచైనా కమానులు కనపడే చోటు ఒకటి చూపిస్తే పిల్లలకి ఎంత బావుంటుంది.

వెళ్లినప్పుడు మనం చేసే పనుల గురించి కూడా కొంచెం. చేపలకి బ్రెడ్, మరమరాలు, బిస్కెట్లు వేయడం ప్రేమతోనే చేస్తారు, కానీ తినగా మిగిలింది అడుక్కి చేరి కుళ్లి అదే బురదకి తోడవుతుంది, చిన్న కొలను అయితే ఒక పండగ రోజు తిండికే నీళ్లు పాడవుతాయి. ఇంట్లో అక్వేరియం చేపలు పెద్దవైపోయాయని చెరువులో వదలడం ఇంకా పెద్ద పొరపాటు. గాజుకి పట్టిన నాచు తింటుందని కొనే సక్కర్ చేప అలాగే మన చెరువుల్లోకి, కాలవల్లోకి చేరింది, మత్స్యకారులు దాన్ని దెయ్యం చేప అంటారు, ఒళ్లంతా గట్టి ముళ్ల పొలుసులు, వలలు చింపేస్తుంది, కొనేవాడు ఉండడు, గట్ల మట్టిలో బొరియలు కూడా చేస్తుంది. చెవి దగ్గర ఎర్ర చార ఉండే చిన్న తాబేళ్లు కూడా అంతే, పెరిగాక వదిలేస్తే మన తాబేళ్ల తిండినీ చోటునీ లాక్కుంటాయి. వినాయకుడి నిమజ్జనానికి బేబీ పాండ్స్ కట్టింది కూడా ఈ లెక్కతోనే, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లలో కరగదు, అడుగున పలకలా పేరుకుంటుంది, రంగుల్లో ఉన్న లోహాలు నీళ్లలో కలుస్తాయి. మట్టి విగ్రహం అయితే మట్టి మట్టిలో కలుస్తుంది, మన పెద్దవాళ్ల పద్ధతి కూడా అదే కదా.

ఎప్పుడు వెళ్లాలి అంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున ఆరు ఆరున్నరకి. వలస బాతులు ఉంటాయి, వెలుతురు పక్కనుంచి పడుతుంది, జనం తక్కువ. నాలా కలిసే మూల, మత్తడి, రాయి కట్టకుండా మిగిలిన ఒడ్డు ముక్క, ఈ మూడు చోట్ల ఓ పావుగంట చొప్పున నిలబడితే చాలు. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి అదే చోట నుంచి ఫొటో తీసి పెట్టుకుంటే నీళ్లు ఎంత దూరం వస్తాయో మనకే తెలుస్తుంది, రేపు ఎవరైనా ఆ నేల చెరువు కాదన్నప్పుడు ఆ ఫొటో పనికొస్తుంది. వరంగల్ భద్రకాళి చెరువులో 2024 చివర్లో పూడిక తీయడానికి నీళ్లన్నీ వదిలేసినప్పుడు ఎన్నేళ్లుగానో ఆ గట్టు మీద నడిచినవాళ్లు మొదటిసారి చెరువు అడుగు చూశారు. అలాంటి పని ఎక్కడ జరిగినా వెళ్లి చూడాలి, బురద ఎంత లోతుంది, ఆ తీసిన మట్టి ఎక్కడికి పోతోంది, అంచు వాలుగా ఉంచుతున్నారా నిలువుగా గోడ కడుతున్నారా అని అడగాలి.

అడిగితే మారే విషయాలు కొన్ని ఉన్నాయి మరి. మీ కాలనీ పార్కులో చెరువుకి రెండో విడత సుందరీకరణ నిధులు వచ్చాయంటే, ఆ డిజైన్ ఫైనల్ కాకముందే వాకర్స్ అసోసియేషన్ వాళ్లు వెళ్లి కనీసం ఒక వైపు ఒడ్డుని రాయి లేకుండా వాలుగా, జమ్ముతో వదలమని రాతపూర్వకంగా అడగొచ్చు. ఫౌంటెన్ మోటార్‌కి ఒక టైమర్ పెట్టి ఏప్రిల్, మే నెలల్లోనూ, మబ్బు పట్టిన రోజుల్లోనూ తెల్లవారుజామున మూడింటి నుంచి ఆరింటి దాకా నడపమని అడగొచ్చు, దానికి కొత్త టెండరు కూడా అక్కర్లేదు.